అన్నం పద్దు

మన ఇళ్ళలో పద్దు లేని వస్తువు అరుదు. పాల లెక్క వంటింటి క్యాలెండరు మీద ఉంటుంది. ఇస్త్రీ బట్టల లెక్క తలుపు వెనుక మేకుకు వేలాడే చిన్న పుస్తకంలో ఉంటుంది. చీటీపాటల వాయిదాలు, గ్యాసుబండ మార్చిన తేదీలు, పెళ్ళిళ్ళలో చదివింపుల జాబితాలు తరాల తరబడి భద్రంగా ఉంటాయి. తిన్న అన్నానికి మాత్రం పద్దు ఉండదు. ఉండకపోవడమే కాదు, ఉండకూడదన్నది మన మర్యాద. తినేవారి కంచంలోకి తేరిపార చూస్తే దిష్టి తగులుతుందని పెద్దలు చెబుతారు. ఎన్ని ఇడ్లీలు తిన్నారని అతిథిని అడగడం కన్న మోటుతనం వేరొకటి లేదు. వడ్డించే ఇల్లాలు 'ఇంకొక్క గరిటె' అంటుంది. తినే బంధువు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆ వేళ్ళ సందుల్లోంచే పప్పు జారుతుంది. ఈ తతంగంలో ఓడిపోవడమే అతిథి ధర్మం.

కొసరి వడ్డించే ఈ ఆచారాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. మాది రాజమహేంద్రవరం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యే దాకా ఈ గోదావరి సీమ సైతం కరవులకు, వరదలకు, తుపానులకు లోబడిన నేలయే. ఆకలిని ఎరిగిన వారి మనుమలు, మునిమనుమలు అతిథికి మారు వడ్డించకుండా ఉండలేరు. కడుపు నిండటం ఒకప్పుడు భాగ్యం. ఆ భాగ్యం చాలా ఇళ్ళలో నిత్యకృత్యమైన తరువాత కూడా వడ్డన మాత్రం పాత కొలతలోనే సాగుతూ వచ్చింది. చిక్కు అక్కడే మొదలయిందని నా అభిప్రాయం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే ఉపాధ్యాయినిని. 2018 వేసవిలో నా వయసు నలభై నాలుగు సంవత్సరాలు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. ఆ వేసవిలోనే చేయించుకొన్న రక్తపరీక్షలో, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ 6.2 శాతం వచ్చింది. 5.7 లోపు ఉంటే నిశ్చింత, 6.5 దాటితే మధుమేహం. నేను ఆ రెండింటి నడుమ గట్టు మీద నిలిచి ఉన్నాను. ఆ గట్టుకు అవతల ఏమున్నదో నాకు బాగా తెలుసు. మా అమ్మ ఇరవై యేళ్ళు మధుమేహంతో జీవించింది. అది కంటిపొరలోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసి ఆమె చూపును హరించింది. చివరి ఆరేళ్ళు ఆమె వంటింటి డబ్బాలలో చేయి పెట్టి, గింజను తడిమి, కందిపప్పేదో పెసరపప్పేదో గుర్తుపట్టేది. నా కుమార్తె పదవ తరగతి మార్కుల కాగితాన్ని అమ్మమ్మ చేతిలో పెట్టినప్పుడు ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి, కళ్ళకు అద్దుకొని, తిరిగి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ఆ మడతలతోనే ఉంది.

పరీక్ష ఫలితాలు చూసిన వైద్యురాలు నాతో, "ఈరోజు మందు నేను రాయను. వారం రోజులు మీరు రాయండి. నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి. ఏదీ మానవద్దు, దేనినీ తగ్గించవద్దు. రాయండి, చాలు" అన్నారు. రాసేటప్పుడు ఒంటరిగా ఉండవద్దని, నలుగురు తోడుంటే మంచిదని కూడా ఆమే చెప్పారు.

బరువు ఎక్కువో తక్కువో నిర్ణయించే కొలత ఒకటి ఉంది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది శరీర ద్రవ్యరాశి సూచిక. ఈ సూత్రానికి మూలపురుషుడు వైద్యుడు కాడు. బెల్జియం దేశానికి చెందిన గణిత, ఖగోళ శాస్త్రవేత్త క్వెట్లెట్. జనసమూహంలో 'సగటు మనిషి' ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి 19వ శతాబ్దంలో ఆయన చేసిన గణన ఇది. ఒక్కొక్క మనిషి ఆరోగ్యాన్ని తూచడానికి ఆయన దానిని ఉద్దేశించలేదు. అయినా ఇవాళ ప్రతి ఆస్పత్రి గోడ మీద ఆ పట్టికే కనబడుతుంది. ఐరోపా వారికి 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం అంటారు. భారతీయుల విషయంలో ఈ హద్దులను 23కు, 25కు కుదించాలని మన వైద్యనిపుణులు 2009లో సూచించారు. అదే బరువులో మన వారికి కొవ్వు పాలు ఎక్కువ, అందులోనూ పొట్ట చుట్టూ చేరేది ఎక్కువ. అందుకే నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదంటారు. నా సూచిక దాదాపు 33. ఏ హద్దు ప్రకారం చూసినా తేడా లేదు.

తిన్నది తూచి రాయడం కొత్త సంగతి కాదు. ఇటలీలో శాంటోరియో అనే వైద్యుడు తన కుర్చీని పెద్ద త్రాసుకు వేలాడదీసుకొని, అందులోనే కూర్చొని భోజనం చేసేవాడు. తిన్నదీ, త్రాగినదీ, విసర్జించినదీ సుమారు ముప్పై యేళ్ళు తూచి, 1614లో గ్రంథం ప్రకటించాడు. లోనికి పోయిన బరువుకూ బయటకు వచ్చిన బరువుకూ పొంతన కుదరక, మిగిలినదంతా కంటికి కానరాని చెమటగా పోతున్నదని నిర్ణయించాడు. కుర్చీని త్రాసుకు వేలాడదీయడానికి మా ఇంటి దూలం ఒప్పుకోదు కాబట్టి నేను రెండు వందల పేజీల పొడుగు నోటుపుస్తకం కొన్నాను. నాలుగు గళ్ళు గీశాను. వేళ, పదార్థం, కొలత, ఆ సమయంలో ఆకలి ఉన్నదా లేదా.

తోడు వెదకనక్కరలేకపోయింది. కంబాలచెరువు పార్కులో ఉదయం నడిచేవారిలో ముఖపరిచయాలు అప్పటికే ఉన్నాయి. రైల్వే గార్డుగా పదవీవిరమణ చేసిన పెద్దాయన, కిరాణా దుకాణం నడిపే వ్యాపారి, ఒక బ్యాంకు ఉద్యోగిని, హిందీ పండితులు, బట్టలు కుట్టి జీవించే ఒక సోదరి, ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఒక యువకుడు, నేను. మొత్తం ఏడుగురం. ఆదివారం ఉదయం ఏడు గంటలకు మా ఇంటి డాబా మీద కలుసుకోవాలని నిశ్చయించుకొన్నాము. నియమాలు గార్డుగారు ప్రతిపాదించారు. బండి నడిపిన మనిషి గనుక ఆయనకు నియమాలంటే ప్రీతి. ఎవరి పుస్తకం వారే చదవాలి. చదువుతున్నప్పుడు ఎవరూ 'అయ్యో' అనరాదు, 'అంతేనా' అని కూడా అనరాదు. బరువు చూసే యంత్రం లోపలి గదిలో ఉంటుంది. అంకె చెప్పడం, చెప్పకపోవడం వారి ఇష్టం. డాబా మీద మజ్జిగ తప్ప ఫలహారం ఉండరాదు. 'సన్నబడ్డారు, బాగున్నారు' అనే మాటను కూడా నిషేధించినది బ్యాంకు ఉద్యోగిని. అప్పుడు అది మాకు విడ్డూరంగా తోచింది.

ఇటువంటి కూటములు ఇతర దేశాలలో ముందే ఉన్నాయి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1948లో ఎస్తర్ మాన్జ్ అనే గృహిణి ఇరుగుపొరుగు స్త్రీలతో ఒక సంఘం పెట్టింది. న్యూయార్కులో జీన్ నిడెచ్ అనే మరొక గృహిణి 1961లో నగర ఆరోగ్యశాఖ వారి చికిత్సాలయంలో చేరింది. ఆమె బరువు 214 పౌండ్లు, అంటే 97 కిలోలు. అక్కడ ఇచ్చిన ఆహార నియమాలు మంచివే. కాని దాచిపెట్టుకొని తినే బిస్కట్ల సంగతి అక్కడ ఎవరికీ చెప్పుకోలేకపోయింది. అప్పుడు ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి వారితో చెప్పింది. వారూ తమ తమ రహస్యాలు చెప్పారు. 1963లో ఆ కూటమి పెద్ద వ్యాపార సంస్థగా మారింది. ఆ వ్యాపారం మంచిచెడ్డల జోలికి నేను పోను. దాచుకొన్న మాటను పంచుకోవడానికి ఆరుగురు కావలసి వచ్చిందన్న సంగతి మాత్రం నాకు నచ్చింది.

మొదటి నెలలో మా అందరికీ ఎదురైన సమస్య కొలత. పాశ్చాత్యుల పట్టికలలో రొట్టెముక్కలు లెక్కపెట్టడం తేలిక. పులుసును ఎలా లెక్కపెట్టడం? 'ఒక గరిటె పప్పు' అంటే ఎవరి గరిటె? హిందీ పండితుల ఇంటి గరిటెలో మా ఇంటి గరిటెలు రెండు పట్టాయి. చివరకు అందరం గిన్నెతో సహా తూచడం నేర్చుకొన్నాము. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 కెలోరీల శక్తి ఉంటుంది. వండితే అది నీరు పీల్చుకొని రెండున్నర, మూడు రెట్ల బరువవుతుంది. కనుక అన్నాన్ని తూచి బియ్యం లెక్క రాస్తే ఆకాశానికీ భూమికీ తేడా వస్తుంది. మన పదార్థాల విలువలకు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలే ఆధారం. ఆ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన తిండిలో ఏముందో మనకు లెక్కకట్టి ఇచ్చిన ఆ శాస్త్రజ్ఞులకు మన పాఠ్యగ్రంథాలలో ఇంకొంత చోటు దక్కవలసి ఉంది.

అన్నిటికన్న కొలతకు లొంగనిది నూనె. తిరగమోతలో వేసిన నూనె ఎంత కూరకు అంటింది, ఎంత మూకుడుకు మిగిలింది, ఎవరి కంచంలోకి ఎంత చేరింది? ఈ చిక్కును విప్పినవాడు కిరాణా వ్యాపారి. "చెంచాలతో కొలవకండి టీచరుగారూ, పాకెట్లతో కొలవండి" అన్నాడు. ఎవరింటికి నెలకు ఎన్ని నూనె పాకెట్లు వెళ్తున్నాయో అతని ఖాతాపుస్తకంలోనే ఉంది. ముందు తన ఇంటి లెక్కే చదివాడు. నలుగురు మనుషులు, నెలకు అయిదు లీటర్లు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. ముప్పై రోజులకు, నలుగురికి భాగిస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. గ్రాముకు 9 కెలోరీల చొప్పున 340కి పైమాటే. అంటే ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజూ కంటికి కనబడకుండా మరొక వంద గ్రాముల బియ్యం తింటున్నట్లే. పోషకాహార సంస్థ వారు 2024లో ప్రకటించిన నమూనా భోజనంలో రెండువేల కెలోరీల మనిషికి నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు. మరుసటి నెల అతడు తన ఇంటికి మూడున్నర లీటర్లు పంపించాడు. కూర రుచి మారిందని ఇంట్లో ఎవరూ అనలేదట. అన్నది ఒక్క దుకాణం గుమాస్తా, అతడు కూడా లెక్క తగ్గిందని.

సంక్రాంతికి అరిసెల లెక్క వేశాము. కిలో బియ్యం, ముప్పావుకిలో బెల్లం, వేయించగా తరిగిన నూనె పావుకిలో, వచ్చిన అరిసెలు అరవై. ఒక్కొక్కటి 140 కెలోరీలు. గార్డుగారు ఆ అంకె విని, "అయితే రెండు తింటాను. మూడోది పుస్తకం తింటుంది" అన్నారు. అరిసెలు మానెయ్యమని మాలో ఎవరూ అనలేదు. పండుగనాడు అరిసె తినని తెలుగువాడిని సన్నబరచి ఎవరికి ప్రయోజనం?

తినేవాడు తాను తిన్నదాన్ని సరిగా అంచనా వేయలేడన్న సంగతి పరిశోధకులు ఏనాడో నిరూపించారు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని వాపోయే కొందరిని 1992లో అమెరికాలో పరీక్షించారు. వారు త్రాగిన ప్రత్యేకమైన నీటి జాడను బట్టి శరీరం ఖర్చుచేసిన శక్తిని లెక్కగట్టారు. వారు చెప్పిన తిండి, నిజంగా తిన్న తిండి కన్న సగటున 47 శాతం తక్కువగా తేలింది. వారెవరూ అబద్ధాలకోరులు కారు. తిండి గుర్తుండదు, అంతే. 2008లో వెలువడిన మరొక అధ్యయనంలో, సుమారు 1,700 మందిలో ప్రతిరోజూ ఆహారం రాసుకొన్నవారు, రాయనివారికన్న రెట్టింపు బరువు తగ్గారు.

ఇంతవరకు చెప్పినదంతా అంకెల వ్యవహారం. అంకెలతో నాకు పేచీ లేదు, బ్రతుకుతెరువే అవి. కాని మా కూటమిలో నాకు తెలియవచ్చిన అసలు విషయం ఒకటి అంకెల అడుగున దాగి ఉంది.

బట్టలు కుట్టే సోదరి మూడు నెలలు క్రమం తప్పకుండా వచ్చింది. రోజుకు పది గంటలు మిషను ముందు కూర్చుంటుంది. భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు కుమారులు. ఆమె తన పుస్తకం చదివినప్పుడు పదార్థాల గడిలో అన్నం, పచ్చడి, మజ్జిగ, టీ తప్ప వేరొక మాట వినబడేది కాదు. కొలత కూడా పెద్దది కాదు. అయినా బరువు 74 దగ్గరే ఆగింది. ఆ తరువాత మూడు ఆదివారాలు ఆమె రాలేదు. నాలుగవ వారం నేనూ, గార్డుగారి భార్యా ఆమె ఇంటికి వెళ్ళాము. మిషను ఆపి, బల్ల తుడిచి, మమ్మల్ని కూర్చోబెట్టింది.

"రాకుండా ఉండిపోయావేమమ్మా?" అని గార్డుగారి భార్య అడిగింది.

"ఏం రానండి పిన్నిగారూ, మీ పుస్తకాల్లో కూర పేర్లుంటాయి, పప్పు పేర్లుంటాయి. నా పుస్తకంలో రోజూ ఒకటే. చదువుతుంటే నాకే సిగ్గేసింది."

"మీ ఇంట్లో కూర వండవా?"

"వండనేంటండి! పొద్దున్నే వండుతాను. ఆయన బండెక్కేముందు తింటారు, పిల్లలు క్యారేజీల్లో పట్టుకెళ్తారు. మిగిలితే కదండీ."

మిగిలితే. ఆ మాట విన్నాక నేను తిరిగివచ్చి మా ఏడుగురి పుస్తకాలనూ కొత్తగా చదివాను. స్త్రీల పుస్తకాలు నాలుగు వేళల్లో కాక, అందరి తరువాతి వేళల్లో రాసి ఉన్నాయి. మిగిలిన ఇడ్లీ పారవేయలేక తినేదొకరు, అందరూ తినగా మిగలని పప్పు కోసం ఊరుకొనేవారొకరు. నా పుస్తకంలో పిల్లల కంచాలలో మిగిలినవి రోజుకు రెండు వందల కెలోరీలకు తగ్గలేదు. ఆమె పుస్తకంలో మిగలనివి అంతకు రెండింతలు. ఇద్దరి బరువూ ఒకే ఆచారంలో నుంచి పుట్టింది. ఊబకాయాన్ని తిండిపోతుతనంగా ఎగతాళి చేసే మన సినిమాలు, మన పెళ్ళిపందిళ్ళు ఈ పుస్తకాన్ని ఒక్కసారి చదివితే బాగుండును. ఆమె తినేది ఎక్కువ కాదు, అది దాదాపు ఒట్టి పిండిపదార్థం. పది గంటలు కూర్చొనే దేహానికి అది కొవ్వుగా మారుతుంది, కండరానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం అందవు. పోషకాహార సంస్థ వారు రోజుకు 85 గ్రాముల పప్పుదినుసులు, 400 గ్రాముల కూరగాయలు తినాలంటున్నారు. ఆమెకు తగ్గించవలసింది ఏమీ లేదు. చేర్చవలసింది చాలా ఉంది.

ఆ ఆదివారం చర్చ గంటన్నర సాగింది. చందా వేసి ఆమెకు పప్పు కొనిద్దామన్నాడు యువకుడు. బ్యాంకు ఉద్యోగిని ఒప్పుకోలేదు. ఇంట్లో పప్పు లేదని ఆమె చెప్పలేదు గదా అన్నది. చివరకు కిరాణా వ్యాపారి ఆమె భర్తను ఒకసారి డాబా మీదకు పిలుచుకొని వచ్చాడు. ఆయన మొహమాటంగా మూల కూర్చొన్నాడు. ఆమె తన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివింది, నియమం ప్రకారం ఎవరమూ ఏమీ అనలేదు. ఆయన తిరిగి వెళ్ళేటప్పుడు పుస్తకం అడిగి తీసుకొని, ఆటోలో కూర్చొని మళ్ళీ చదువుకొన్నాడట. మరుసటి వారం నుంచి ఆ ఇంట్లో పొయ్యి దించగానే నాలుగో గిన్నెలోకి పప్పూ కూరా తీసి మూతపెట్టడం మొదలయింది. ఆ మూత పెట్టేది ఆయనే. ఆమె బరువు ఏడాదిలో ఆరు కిలోలు తగ్గింది. సాయంత్రం కళ్ళు తిరగడం మొదటి నెలలోనే తగ్గింది.

ఈ పాఠం చదివే మీలో చాలామంది పదహారు, పదిహేడేళ్ళ వారు. మీకు ఒక సంగతి చెప్పవలసి ఉంది. బ్యాంకు ఉద్యోగిని కుమార్తె అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. తల్లి పుస్తకం చూసి తానూ ఒక పుస్తకం తెరిచింది. తల్లి రాసినది ఆకలి తెలుసుకోవడానికి, కూతురు రాసినది ఆకలిని ఓడించడానికి. రెండు నెలలలో ఆమె పేజీలలో భోజనాలు మాయమై, దోసముక్కలు, టీ నీళ్ళు మిగిలాయి. జుట్టు రాలింది. నెలసరి ఆగింది. తల్లి సకాలంలో కనిపెట్టి వైద్యుల దగ్గరకు, వారి సలహాతో మనస్తత్త్వ నిపుణుల దగ్గరకు తీసుకొని వెళ్ళింది. కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. 'సన్నబడ్డారు, బాగున్నారు' అనే మాటను ఆమె ఎందుకు నిషేధించిందో ఆ తరువాత ఎవరమూ అడగలేదు. ఆమె పెద్ద చెల్లెలు కూడా ఒకప్పుడు ఆ మాట వినీ వినీ మంచం పట్టిందట. అప్పటి నుంచి మా పుస్తకాలు పిల్లల కంటపడకుండా బీరువాలో ఉంటాయి. ఎదిగే వయసులో దేహానికి పద్దు రాయకూడదు. అవసరమైతే అది వైద్యులు చేయవలసిన పని.

బరువు తగ్గే దారి తిన్నగా ఉండదు. మొదటి మూడు వారాలలో నేను మూడు కిలోలు తగ్గాను. అందులో నీరే ఎక్కువ. శరీరంలో నిలువ ఉన్న పిండిపదార్థం తనతో పాటు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది, అది కరిగితే నీరూ పోతుంది. ఆ తరువాత నెలకు కిలో, అర కిలో. తొమ్మిదవ నెలలో పూర్తిగా ఆగింది. తిండి అదే, నడక అదే, అంకె మాత్రం కదలదు. చిన్నదైన దేహానికి ఖర్చు తక్కువ. పైగా అది కరవు వచ్చిందనుకొని పొదుపు మొదలుపెడుతుంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో విపరీతంగా బరువు తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ళ తరువాత పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారి దేహాలు అప్పటికీ, ఉండవలసిన దానికన్న రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువ ఖర్చుచేస్తున్నాయి. చాలామందికి పోయిన బరువులో అధికభాగం తిరిగి వచ్చింది. ఈ సంగతి నేను డాబా మీద చదివి వినిపించినప్పుడు గార్డుగారు, "సిగ్నలు పడలేదని డ్రైవరును తిట్టి ఏం లాభం? బండి దిగకపోతే చాలు" అన్నారు. అటువంటి వారాలలోనే తోడు విలువ తెలుస్తుంది. అంకె కదిలే వారంలో ఎవరైనా వస్తారు.

అయినా అంకె మీదే దృష్టి నిలపడం శాస్త్రసమ్మతం కూడా కాదు. అమెరికాలో 3,234 మందితో జరిపిన మధుమేహ నివారణ ప్రయోగం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. బరువులో ఏడు శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకొన్న వారిలో కొత్తగా మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మన దేశంలో చెన్నై వైద్యులు జరిపిన ఇటువంటి ప్రయోగం ఫలితాలు 2006లో వచ్చాయి. ఆహారం, వ్యాయామం మార్చుకొన్న భారతీయులలో బరువు పెద్దగా తగ్గకపోయినా ముప్పు 28.5 శాతం తగ్గింది. ఆ వార్త చదివిననాడు కుట్టు మిషను సోదరితో బాటు నాకూ గుండె తేలికపడింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు డాబా మూతపడింది. రాత్రి ఎనిమిది గంటలకు ఒకరికొకరం ఫోను చేసి పేజీలు చదువుకొన్నాము. యువకుడు ఉద్యోగం దొరికి హైదరాబాదు వెళ్ళాడు. అతని పేజీలలో కూరల పేర్లు పోయి హోటళ్ళ పేర్లు వచ్చాయి. ఒక్కొక్కసారి అతడు చదవడం ఆపి, "మీరు చదవండి మేడం, పప్పుచారు దగ్గర కొంచెం నెమ్మదిగా చదవండి" అనేవాడు.

నా బరువు రెండేళ్ళ చివర 69 కిలోలకు వచ్చింది, హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది. తరువాత బరువు ఒకటి రెండు కిలోలు ఎక్కుతూ దిగుతూ ఉంది. సూచిక ప్రకారం నేను ఇప్పటికీ స్థూలకాయురాలినే. అయినా రక్తపరీక్షలలో చక్కెర గట్టుకు ఇవతలే ఉంది. ప్రతి ఏటా కంటి వైద్యుల దగ్గరకు వెళ్ళి, కనుపాపలో మందుచుక్కలు వేయించుకొని, వెలుతురు మసకగా కనబడే ఆ రెండు మూడు గంటలు మా అమ్మ డబ్బాల ముందు కూర్చొంటాను. చూడకుండా తడిమి పప్పులు గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తాను. పెసర చిక్కుతుంది. కంది, సెనగ ఇంకా తడబడుతున్నాయి.

ఇప్పుడు మేము పదకొండుగురం. ప్రతిరోజూ రాయడం చాలామందిమి మానివేశాము. నెలకు ఒక వారం రాస్తే దారి తప్పామో లేదో తెలిసిపోతుంది. ఆదివారం మాత్రం మానలేదు. ఈ మధ్య కొత్తగా చేరిన ఒకాయన మా అందరినీ ఒక ధర్మసందేహంలో పడవేశారు. ఆయన ప్రతి శనివారం గుడిలో పులిహోర, చక్కెరపొంగలి ప్రసాదంగా స్వీకరిస్తారు. ప్రసాదానికి పద్దు రాయవచ్చునా? దేవుడి సొత్తుకు లెక్కకట్టడం అపచారమని హిందీ పండితులు. పొంగలిలోని నెయ్యి తన దుకాణం నుంచే వెళ్తుందనీ, దాని లెక్క తన దగ్గర ముందే ఉన్నదనీ కిరాణా వ్యాపారి. దొప్ప ఎంత పెద్దదో చెప్పమని గార్డుగారు. వాదం మజ్జిగ అయిపోయేదాకా సాగి, తరువాతి ఆదివారానికి వాయిదా పడింది.